సంఘం పాడని ఆరాధన

ఆదివారం మధ్యాహ్నం బంధువుల ఇంట్లో నలుగురం కూర్చుంటే మా గుడి, అంటే చర్చి, విషయం రాకుండా ఉండదు. ఈరోజు ప్రసంగం ఎవరు చేశారు, పాటలు ఎవరు పాడారు, కొత్తగా వచ్చిన కీబోర్డు అబ్బాయి బాగా వాయించాడా, జనం నిండారా అని అడుగుతారు. మీరేం పాడారని మాత్రం ఎవరూ అడగరు. ఆ ప్రశ్నే తోచని స్థితికి మనం వచ్చేశాం. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ అనేక ప్రొటెస్టెంటు సంఘాల్లో ఆరాధనకు కూర్చున్న అనుభవంతో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆరాధనకు వచ్చిన ప్రతి మనిషికీ తన గొంతుతో చేయవలసిన పని ఒకటి ఉంటుంది, ఆ పనిని అతని తరఫున వేదిక మీదివాళ్లు చేసిపెట్టకూడదు. పాత పాటలు మంచివా, కొత్త పాటలు మంచివా అన్న తగాదాలోకి నేను దిగడం లేదు. పాడుతున్నది ఎవరు అన్నదే నా ప్రశ్న.

నేను పుట్టి పెరిగింది డోర్నకల్ అధ్యక్ష మండలంలోని (ఒక బిషప్పు కింద ఉండే సంఘాల ప్రాంతం) ఒక పల్లెలో. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య గారు 1945లో కన్నుమూసేదాకా సేవ చేసిన మండలం అది. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన ఆ తమిళుడు తెలుగు పల్లెల్లోని మాల, మాదిగ కుటుంబాల మధ్య ముప్పై ఏళ్లకు పైగా తిరిగారు. ఆయన కాలంలోనే, 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథీడ్రల్‌ను చూసినవారికి ఆలయ మంటపాల స్తంభాలూ మసీదుల గుమ్మటాలూ ఒకే కట్టడంలో కనిపిస్తాయి. ఈ నేలవాళ్లు ఈ నేల రూపాల్లోనే దేవుణ్ణి ఆరాధించాలన్న పట్టుదల ఆయనది. ఆ పట్టుదల రాతి కట్టడంలోకంటే పల్లె గుడిలోని పాటలో ఎక్కువగా ఫలించిందని నేను నమ్ముతాను.

మా ఊరి గుడి పెంకుటిల్లు. సున్నం కొట్టిన గోడలు, పరిచిన చాపలు, బయట వేపచెట్టుకు వేలాడే గంట, వెలుతురుకు ఒక లాంతరు, తరువాతి రోజుల్లో ఒక బల్బు ఉండేవి. పగలంతా పొలాల్లో కూలికి పోయే మనుషులు కాబట్టి రోజువారీ ప్రార్థన వంటలు ముగిశాక, చీకటి పడ్డాకే మొదలయ్యేది. మొదటి గంటకు ఆడవాళ్లు పిల్లల కాళ్లు చేతులు కడిగేవారు, రెండో గంటకు వచ్చి ఒక పక్క కూర్చునేవారు, మగవాళ్లు మరో పక్క కూర్చునేవారు. పెద్దవాళ్లలో చదువు వచ్చినవారు బహు కొద్దిమంది. పాటల పుస్తకం, పల్లె గుడిలో ప్రార్థన నడిపే ఉపదేశి గారి దగ్గర ఒకటి, బడిపిల్లల దగ్గర ఒకటో రెండో ఉండేవి. ఆయన ఒక పాదం చదివి, దాన్నే రాగంలో పాడి వినిపించేవారు. జనం తిరిగి పాడేవారు. కుదరకపోతే కుదిరేదాకా చెప్పేవారు. అలా కొద్ది రోజుల్లోనే పల్లవి, అనుపల్లవి, చరణాలతో సహా ఒక కొత్త కీర్తన మా వాడంతటికీ నోటికి వచ్చేది. పుస్తకం అవసరం ఉపదేశి గారికే గానీ పాటకు లేకుండా పోయేది.

మా నాయనమ్మకు అక్షరం రాదు. ఆమెకు వచ్చిన కీర్తనలు రాసిపెడదామని మా నాన్న ఒకసారి కూర్చుంటే నోటుపుస్తకం చాలలేదు. నాట్లు వేసేటప్పుడూ, వడ్లు చెరిగేటప్పుడూ, జ్వరమొచ్చిన పిల్లవాడి పక్కన కూర్చున్నప్పుడూ ఆమె వాటినే పాడేది. తప్పిపోయిన కుమారుడి కథ, సమరయ స్త్రీ కథ, సిలువ మీద పలికిన ఏడు మాటలు ఆమెకు పాటలుగానే తెలుసు. బైబిలు తెరిచి చదవలేని మనిషికి బైబిలు చేరిన దారి అదే. అయితే ఆమె ఒక్కతే మొదలు నుంచి చివరిదాకా పాడగలిగిన కీర్తనలు తక్కువ. మూడో చరణం దగ్గర ఆమె ఆగిపోతే వెనక వరుసలోని ఇంకొకామె అందుకునేది, ఆమెకు రాని చోట ఒక మగ గొంతు అందుకునేది. పూర్తి కీర్తన ఏ ఒక్కరి దగ్గరా ఉండేది కాదు, సంఘం దగ్గర ఉండేది. గట్టు తగాదాతో మాటలు మానుకున్న రెండు కుటుంబాలు కూడా సాయంకాలం ఒకరు మరిచిన పాదాన్ని మరొకరు అందించవలసి వచ్చేది. అలాంటి తగాదాలు గుడిలోనే చల్లారడం నేను చూశాను. అందుకు ప్రసంగాలు కారణమైన సందర్భాలు కూడా ఉండవచ్చు. నేను చూసినంతలో మాత్రం పాటే ముందుగా ఆ పని చేసింది.

ఉపదేశి గారి పాటల పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం పేర్లు అచ్చై ఉండేవి. శంకరాభరణం, బిలహరి, ముఖారి, ఆది తాళం, త్రిపుట అనే మాటలు నేను మొదట చదివింది అక్కడే. అందులోని ఎన్నో కీర్తనలను రాసిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) తెలుగు మాతృభాష కాని కుటుంబంలో పుట్టి తెలుగు కవి అయినవారు. తెలుగు దేశంలో అప్పటికే చెవులకు అలవాటైన కర్ణాటక బాణీలలోనే ఆ తరం కవులు క్రీస్తు స్తుతిని కూర్చారు. సంగీతం సంగతి అలా ఉంచితే, ఇందులో ఇంకా పెద్ద సంగతి ఒకటి ఉంది. ఊరి దేవాలయంలో అడుగు పెట్టనివ్వని మనుషులు, సంగీత సభ ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని మనుషులు, తమ వాడలో తాము కట్టుకున్న గుడిలో కూర్చుని బిలహరి పాడుకున్నారు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1947లో గానీ రాలేదు. అంతకు ఎన్నో దశాబ్దాల ముందే మా ముత్తాతలు దేవుడి సన్నిధిలో నోరు తెరిచి, ఎవరి అనుమతీ అడగకుండా పాడగలిగారు. పాట మాకు ఆరాధనకు చేసిన అలంకారం కాదని నేను అనడానికి కారణం ఈ చరిత్రే. తరతరాలుగా నోరు విప్పనివ్వని చోట దొరికిన గొంతు అది. దాన్ని ఇవాళ ఒక సౌండ్ సిస్టమ్‌కు అప్పగించి చేతులు కట్టుకుని నిలబడటం నన్ను చాలా బాధిస్తుంది.

పాట ఒక్కటే కాదు, ఆరాధన క్రమం మొత్తం ఇలాగే ఆలోచించి కట్టినది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు, ఎవరి ఆరాధన పద్ధతి వారిదే. మన ప్రాంతం వరకే చూసినా డోర్నకల్ వాళ్లది ఒక తీరు, మెదక్ వాళ్లది ఒక తీరు, రాయలసీమ వాళ్లది మరో తీరు. అందరికీ పనికివచ్చేలా 1950లో, రొట్టెనూ ద్రాక్షారసాన్నీ పంచుకునే ప్రభు భోజన సంస్కారానికి ఒక కొత్త క్రమాన్ని సిద్ధం చేశారు. అందులో ఆరాధన నడిపే గురువు జనానికి వీపు పెట్టకుండా ప్రభు భోజనపు బల్లకు అవతల నిలబడి వాళ్ల వైపు చూస్తూ ప్రార్థన చేస్తాడు. ఆ ప్రార్థన మధ్యలో జనం గొంతెత్తి జవాబు చెబుతారు, ఆ జవాబులు లేకపోతే ప్రార్థన ముందుకు సాగదు. కేరళలోని సిరియన్ క్రైస్తవుల సంప్రదాయం నుంచి తీసుకున్న ‘శాంతి’ కూడా అందులో ఉంది. బల్ల దగ్గర గురువు ఇచ్చిన శాంతి మొదటి వరుసకు చేరి, అక్కడి నుంచి చేతి నుంచి చేతికి చివరి వరుసదాకా వెళుతుంది. ఆరాధనలో ప్రజల పాలు ఎంత ఉండాలో ఆలోచించిన ఇతర దేశాల సంఘాలు కూడా ఈ క్రమాన్ని శ్రద్ధగా చదివి, అందులోంచి నేర్చుకున్నాయి.

ఆ శాంతి మా ఊళ్లో ఏం చేసిందో నాకు బాగా గుర్తుంది. క్రైస్తవులమైనా కులం మమ్మల్ని వదలలేదు. ఒకే గుడిలో, ఆడవాళ్ల వరుసల్లోనూ మగవాళ్ల వరుసల్లోనూ, మాల కుటుంబాలవాళ్లు ఒక వైపు, మాదిగ కుటుంబాలవాళ్లు మరో వైపు కూర్చునేవారు, పెళ్లి సంబంధాలు కలిసేవి కావు. సంస్కారం ఉన్న ఆదివారం మాత్రం ఆ శాంతి ఒక వైపు చివరి మనిషి చేతి నుంచి మరో వైపు మొదటి మనిషి చేతిలోకి వెళ్లి తీరాలి. మధ్యలో ఆగితే అందరికీ తెలిసిపోతుంది. దానితో కులం పోయిందని నేను చెప్పను, అది ఇప్పటికీ పోలేదు. కానీ మనిషి శరీరంతో, గొంతుతో చేయవలసిన పని ఒకటి ఆరాధనలో పెట్టడం వల్ల, కూర్చుని విన్న ఏ ప్రసంగమూ చేయించలేని పనిని ఆ మనిషి చేయక తప్పలేదు.

జనం చేతిలోని పాటను వేదిక తీసుకోవడం చరిత్రలో ఇదే మొదటిసారి కాదు. క్రీ.శ. 4వ శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న లవొదికయలో సమావేశమైన పెద్దలు, నియమితులైన గాయకులు వేదిక ఎక్కి పుస్తకం చూసి పాడటమే తప్ప సంఘంలో ఇతరులు పాడకూడదని ఒక నియమం చేశారు. బహుశా శ్రుతి తప్పుతోందనో, క్రమం తప్పుతోందనో వాళ్లకు అనిపించి ఉండవచ్చు. ఆ తరువాత పశ్చిమ ఐరోపాలో ఎన్నో శతాబ్దాలపాటు ఆరాధనలోని పాట ప్రధానంగా గురువులది, శిక్షణ పొందిన గాయక బృందాలది అయింది, పైగా అది సామాన్యులకు తెలియని లాటిన్ భాషలో సాగింది. 1524లో మార్టిన్ లూథరు, ఆయన సహచరులు జర్మన్ భాషలో పాటల పుస్తకాలు అచ్చువేసినప్పుడు ఆ పాట జనానికి తిరిగి వచ్చింది. రోమన్ కథోలిక సంఘం కూడా రెండో వాటికన్ సభలో, 1963 డిసెంబరు 4న ప్రకటించిన ఆరాధన పత్రంలో, విశ్వాసులు పూర్తిగా, తెలిసి, చురుకుగా పాలుపంచుకోవాలని స్పష్టంగా రాసింది. తెలుగులో పూజ వినే భాగ్యం మా కథోలిక బంధువులకు కలిగింది ఆ తరువాతనే. అంటే ఒక్కొక్క సంఘమూ తన కాలంలో ఈ తప్పు చేసి, తన కాలంలో దిద్దుకుంది. మనకు పుట్టుకతోనే దక్కినదాన్ని మనం ఇప్పుడు, ఎవరూ నియమం చేయకుండానే, వదులుకుంటున్నాం.

ఇక నగరం సంగతి. ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చాక నేను ఎన్నో సంఘాలకు వెళ్లాను, చిన్నవి, పెద్దవి, వేలమంది పట్టేవి. వాటిలో చాలాచోట్ల ఆరాధన తీరు ఇంచుమించు ఒకటే. వేదిక మీద డ్రమ్ములు, రిథమ్ ప్యాడ్, రెండు గిటార్లు, కీబోర్డు ఉంటాయి. ముందు వరుసలో నలుగురైదుగురు గాయకులు ఒక్కొక్క మైకుతో నిలబడతారు. హాలులో దీపాలు తగ్గిస్తారు, వేదిక మీద పెంచుతారు. పాట మొదలవుతుంది. నేను పక్కకు తిరిగి చూస్తాను. నా పక్కనున్న మనిషి పెదవులు కదులుతుంటాయి, గొంతు నాకు వినిపించదు. నా గొంతు నాకే వినిపించదు. కొంతసేపటికి చాలామంది పాడటం మానేసి తెర వైపు చూస్తుంటారు, కొందరు ఫోను ఎత్తి రికార్డు చేస్తుంటారు. వాళ్ల భక్తిని నేను శంకించడం లేదు. కళ్లు మూసుకుని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు అక్కడ ఎందరో ఉంటారు. కానీ అంతమంది మధ్య నిలబడి కూడా ప్రతివాడూ ఒంటరిగా ఏడుస్తున్నాడు.

ఇది శబ్దం వల్ల మాత్రమే జరగడం లేదు, శ్రుతి వల్ల కూడా జరుగుతోంది. దీన్ని గురించి సంఘ పెద్దలు ఎవరూ మాట్లాడరు. సాధన చేసిన ఇరవై ఏళ్ల గొంతుకు హాయిగా ఉండే శ్రుతి డెబ్బై ఏళ్ల పెద్దాయనకు అందదు, గొంతు మారుతున్న పద్నాలుగేళ్ల కుర్రవాడికి అందదు, రోజంతా పాఠాలు చెప్పి అలసిన టీచరమ్మకు అందదు. రికార్డింగులో గాయకుడు ఏ శ్రుతిలో పాడాడో అదే శ్రుతిలో వాయించాలన్న పట్టుదల వల్ల పై స్థాయి రాగానే హాలులో సగం గొంతులు తప్పుకుంటాయి. మా చిన్నప్పటి హార్మోనియం మాస్టారు పల్లవిని ఒకసారి అందరిచేత పాడించి, పైన గొంతులు చీలుతుంటే ఒకటో రెండో మెట్లు కిందికి దించి మళ్లీ మొదలుపెట్టేవారు. జనానికి ఏది అందుతుందో వినడమే ఆయన పని. ఇప్పటి బృందాల్లో జనాన్ని వినడానికి ఎవరూ లేరు, వినాలన్నా ఆ శబ్దంలో వినిపించదు. దీనికి తోడు పల్లవికీ చరణానికీ మధ్య నిమిషాల తరబడి వాద్య సంగీతం సాగితే, మళ్లీ ఎక్కడ అందుకోవాలో మామూలు మనిషికి తెలియదు. వారం వారం ఒక కొత్త పాట యూట్యూబు నుంచి వస్తుంది, నోటికి రాకముందే వెళ్లిపోతుంది. గాయకుడు తన ఆవేశంలో ఒక పాదాన్ని ఎన్నిసార్లు తిప్పుతాడో తెర నడిపే అబ్బాయికే తెలియదు.

పౌలు ఎఫెసీ సంఘానికి రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో కీర్తనలతో ఒకరినొకరు హెచ్చరించుకోమని చెప్పాడు. అంటే పాట దేవుడికి మాత్రమే చేరవలసినది కాదు, పక్కవాడికి కూడా చేరాలి. కొడుకును పోగొట్టుకున్న తల్లి నా పక్కన కూర్చుని దేవుడి మంచితనాన్ని గురించి పాడుతుంటే, ఆ గొంతులోని వణుకు నేను వినాలి. అది నాకు ఏ ప్రసంగమూ చెప్పలేని సాక్ష్యం. ఆమె గొంతును స్పీకరు మింగేస్తే ఆ సాక్ష్యం నాదాకా రాదు. ప్రభువు ఆఖరి భోజనం ముగిసాక శిష్యులతో కలిసి కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లాడని మత్తయి రాశాడు. ఆ గదిలో ఉన్నవాళ్లు చేపలు పట్టేవాళ్లు, సుంకం వసూలు చేసేవాడు. ఆ రాత్రి వాళ్లకు బదులుగా ఇంకొకరు పాడి ఉంటే ఎలా ఉండేదో నేను ఊహించలేను.

2000లో సుప్రీంకోర్టు, చెన్నైలోని ఒక సంఘానికి సంబంధించిన కేసులో, మైకులతోనూ డ్రమ్ములతోనూ ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును మన సంఘాల్లో చాలామంది బయటివారి ఫిర్యాదుగానే చూశారు. గోడకు అవతలి పొరుగువాడి గురించి కోర్టు మాట్లాడింది. గోడకు ఇవతల, ఒకే బెంచీ మీద కూర్చున్న పొరుగువాడి గురించి మాట్లాడవలసింది మనమే.

కరోనా కాలం ఈ మార్పును వేగిరపరచింది. 2020 ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరుకు గుడులన్నీ మూసి ఉన్నాయి. జూన్‌లో ప్రార్థనా స్థలాలు తెరుచుకోబోతున్నప్పుడు కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు, గాయక బృందాలను అనుమతించవద్దని, వీలైనంతవరకు రికార్డు చేసిన భక్తి సంగీతాన్నే వినిపించాలని చెప్పాయి. గాలి ద్వారా వ్యాపించే జబ్బు కాబట్టి ఆ నియమం న్యాయమైనదే, దాన్ని పాటించిన సంఘాలు సరైన పనే చేశాయి. జబ్బు తగ్గాక నియమం పోయింది గానీ అలవాటు మిగిలింది. ప్రత్యక్ష ప్రసారం కోసం కెమెరాలు కొన్నారు, కెమెరాకు బాగా వినిపించాలి కాబట్టి వేదిక మైకులు పెంచారు, జనం గొంతులు కలిస్తే ప్రసారంలో గందరగోళంగా ఉంటుందని తగ్గించారు. మంచం దిగలేని వృద్ధులకు ఆ ప్రసారం నిజమైన మేలు చేస్తోంది, దాన్ని ఆపమని నేను అనను. ఇంట్లో ఉన్న పదిమంది కోసం గుడిలో ఉన్న వందల మందిని నిశ్శబ్దం చేయవద్దని మాత్రం అంటాను.

ఈ మాట అన్నప్పుడల్లా యువకుల కోసమే ఇదంతా అన్న జవాబు వస్తుంది. బ్యాండు లేకపోతే పిల్లలు గుడికి రారట. వేసవి సెలవుల్లో పిల్లలకు జరిగే బైబిలు బడి, వి.బి.ఎస్.ను చూసినవారెవరూ ఈ మాట నమ్మరు. మే నెల ఎండలో, రేకుల షెడ్డు కింద, ఒక డోలక్ తప్ప ఇంకేమీ లేకుండా వందమంది పిల్లలు చేతులు ఊపుతూ పాడతారు, ఇంటికి వెళ్లి అమ్మకు నేర్పుతారు. ఆ పిల్లలే పదహారేళ్లు వచ్చేసరికి వేదిక ఎక్కినవాళ్లు, ఎక్కనివాళ్లు అని రెండుగా విడిపోతారు. ఎక్కనివాళ్లు మెల్లగా వెనక బెంచీకి, ఆ తరువాత బయటికి వెళ్లడం నేను చూస్తూనే ఉన్నాను. చేయడానికి పనిలేని చోట కుర్రవాళ్లు నిలవరు. పాత కీర్తనల భాష అర్థం కాదన్న ఆక్షేపణలో నిజముంది. గ్రాంథిక సంధులతో నిండిన చరణాలు ఈ తరం పిల్లలకు అందవు. సరళమైన తెలుగులో ఇప్పుడు వస్తున్న మంచి పాటలను ఎంచుకోవచ్చు, నేను కూడా వాటిని ఇష్టంగా పాడతాను. ఎంచుకునేటప్పుడు ఇది వేదిక మీద ఎలా ఉంటుందని కాకుండా, జనం నోట ఎలా పలుకుతుందని చూస్తే చాలు. ఇక నాకు గొంతు బాగుండదు, శ్రుతి తప్పుతాను అని సిగ్గుపడేవాళ్లకు నేను చెప్పేది ఇదే: నలుగురూ పాడే చోట తప్పిన గొంతుకు కూడా చోటు ఉంటుంది, చుట్టూ ఉన్న గొంతులు దాన్ని మోస్తాయి. చక్కగా పాడే అయిదు గొంతులే వినిపించే చోట సిగ్గు పెరగకుండా ఎలా ఉంటుంది?

ఇతర మతాల ఆరాధనల్లో కూడా ఈ బలాన్ని నేను గమనించాను. మా ఊరి రామమందిరంలో శనివారం భజన జరిగేది, ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునేవారు, చిడతలు ఎవరి చేతిలో వాళ్లు పట్టుకునేవారు. తిరుమల క్యూలైన్లలో గోవింద నామం ఒక చోట లేచి కంపార్టుమెంటు మొత్తానికి పాకుతుందని, అలసట అప్పుడు తెలియదని నా సహోద్యోగులు చెబుతారు. ఆ పిలుపుకు వేదిక అక్కర్లేదు.

మన సంఘాలకు పాడటం చేతకాదని నేను అనడం లేదు. ఎవరైనా చనిపోయిన ఇంట్లో చూడండి. రాత్రంతా శవం దగ్గర కూర్చుని, కరెంటు లేకపోయినా, హార్మోనియం లేకపోయినా, ఒకరు ఎత్తుకున్న కీర్తనను గది మొత్తం అందుకుంటుంది. చరణాలు ఎక్కడి నుంచో వస్తాయి. గుడికి ఏళ్ల తరబడి రానివాళ్లు కూడా పాడతారు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లినప్పుడు కూడా ఇంతే. సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించిన సమాధుల మధ్య నిలబడి ఏ కుటుంబానికి ఆ కుటుంబం పాట మొదలుపెడుతుంది, కాసేపటికి పక్క కుటుంబమూ కలుస్తుంది. అమెరికాలో ఉంటున్న మా తమ్ముడి సంఘంలో కొద్ది కుటుంబాలే ఉన్నాయి. మధ్యాహ్నం పూట ఒక చర్చి హాలును అద్దెకు తీసుకుని తెలుగు ఆరాధన జరుపుకుంటారు. గుంటూరు లూథరన్లు, నెల్లూరు బాప్టిస్టులు, మా డోర్నకల్ వాళ్లు అందులో ఉన్నారు. వాయించేవాళ్లు లేరు కాబట్టి అందరూ పాడతారు, అందరికీ వచ్చినవి ఆ పాత పుస్తకంలోని కీర్తనలే కాబట్టి అవే పాడతారు. మూడు శాఖలవాళ్లను ఒక సంఘంగా నిలిపింది ఆ ఉమ్మడి పుస్తకమేనని తమ్ముడు అంటాడు.

నేను ఇప్పుడు సభ్యుడిగా ఉన్న సంఘంలో ఈ విషయాన్ని కమిటీ ముందు పెట్టాను. వాయిద్యాలు తీసేయమని అడగలేదు. ఆరాధన మొదటి పాటనూ, ప్రభు భోజనం వేళ పాడే పాటనూ స్పీకర్లు ఆపి పాడాలని, కీబోర్డు శ్రుతి మాత్రమే ఇవ్వాలని, ఒక పాటను కనీసం నెల రోజులు మార్చకుండా ఉంచాలని అడిగాను. బ్యాండులోని పిల్లలు మొదట నొచ్చుకున్నారు. వాళ్లు ఎంత కష్టపడి సాధన చేస్తారో నాకు తెలుసు, ఆ శ్రమను నేను గౌరవిస్తాను. మా పాస్టరు అయ్యగారు వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాక ఒప్పుకున్నారు. మొదటి ఆదివారం పల్లవి అయిపోయేదాకా ఎవరూ గొంతు విప్పలేదు. స్త్రీల మైత్రిలోని పెద్దామె ఒకరు చరణం ఎత్తుకున్నాక మిగతావాళ్లు కలిశారు. ఆ తరువాతి వారాల్లో సాగదీయడం తగ్గింది, మగ గొంతులు కూడా పెరిగాయి. బ్యాండులోని గిటారు అబ్బాయి ఇప్పుడు శనివారం సాయంత్రం హార్మోనియం దగ్గర కూర్చుని, ఆదివారం పాటకు ఏ శ్రుతి జనానికి అందుతుందో పెద్దవాళ్లచేత పాడించి చూస్తున్నాడు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాల్లో ఇళ్లలో జరిగే గృహ కూడికల్లో ఒక్కొక్క కీర్తనను పాదం పాదంగా నేర్పే పని కూడా అతనే తీసుకున్నాడు. వచ్చే కమిటీ సమావేశంలో నేను అడగబోయేది ప్రభు భోజన క్రమంలోని జవాబుల గురించి. వాటిని ఇప్పుడు తెర మీద చూపిస్తూ వేదిక మీది గాయకులచేత చదివిస్తున్నారు. ముందుగా సండే స్కూలు పిల్లలకు కంఠతా నేర్పించి, వాళ్లను సంఘమంతటా చెదురుగా కూర్చోబెట్టి, ప్రతి బెంచీ నుంచీ జవాబు వచ్చేలా చేయాలన్నది నా ప్రతిపాదన.